తేనెరంగు నాచుకు పెట్టిన పేరు, కొట్టేసిన పేరు

కాస్త దగ్గరికి జరగండి నాయనా, అమ్మా. ఈ వీడ్కోలు సంచిక చేతిలో పట్టుకున్న ఆఫీసు వారూ, కృపావతి మేడం గారి ఇంటివారూ, మొన్న మొన్ననే చేరిన కొత్త పిల్లలూ, అందరూ వినండి. నాది నాలుగో తరగతి చదువు. అక్షరదోషాలు దిద్దింది మన ఆఫీసు భవాని, సంగతులన్నీ నావి. ఈ సంచికలో ముందు పేజీల్లో పెద్దలు మేడం గారి పట్టాలూ పురస్కారాలూ సవిస్తరంగా రాశారు. వాళ్ళు రాయనిది ఒకటుంది. వాళ్ళకు తెలియదు గనక రాయలేదు. అది నేను చెప్పాలి.

1989వ సంవత్సరం జూలై నెల పదో తేదీ, సోమవారం నాడు, గౌరవనీయులైన డాక్టర్ కృపావతి గారు మన నాచు పరిశోధనా కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. నేను గాజుసామాను కడిగే పనికి చేరింది ఆ తర్వాత రెండేళ్ళకు. అయినా ఆ తేదీ నాకెలా తెలుసంటారా? ఏటా జూలై పదికి ఆవిడ అందరికీ అల్లం టీ పోయించి, "ఇవాళ్టికి ఇన్నేళ్ళు పూర్తయ్యాయి, ఇంకా నాచు గురించి సగం కూడా తెలియలేదు" అనేవారు. ముప్పైఆరు జూలైలు గడిచాయి. మొన్నటి టీతో కూడా అదే మాటన్నారు.

ఆ రోజుల్లో మన కేంద్రమంటే రేకుల కప్పు కింద రెండు గదులు, వెనక మామిడితోట, ఒక మైక్రోస్కోపు. మేడం గారు నీలి ఆకుపచ్చ నాచును తొట్లలో పెంచి, ఎండబెట్టి, పొట్లాలు కట్టి, వరిచేలకు ఎరువుగా వేయమని ఊరూరా బస్సుల్లో తిరిగి చెప్పేవారు. జి. కొండూరులో ఒక రైతు, "అమ్మా, చేలో నాచు తీయడానికి నేను కూలీలను పెడుతుంటే, నువ్వొచ్చి నాచు వెయ్యమంటావేంటి?" అని నవ్వాడట. మేడం గారు కోప్పడలేదు. "మీరు తీసేది వేరు నాచండీ, నేను వెయ్యమనేది వేరు నాచు" అన్నారట. "రెండూ పచ్చగానే ఉన్నాయిగా!" అన్నాడట ఆయన. ఆ మాటకు జవాబు చెప్పడం కోసమే ఆవిడ మిగతా జీవితమంతా ధారపోశారని నేననుకుంటాను.

ఎందుకంటే ఈ నాచు మామూలు నాచు కాదు. పుస్తకాల్లో దీన్ని సయనోబాక్టీరియా అంటారు. చూపుకు నాచే గానీ వంశం చూస్తే సూక్ష్మజీవి. అందులో వేలరకాలు. మనలాగే ప్రతిదానికీ ఒక ఇంటిపేరూ ఒక సొంతపేరూ ఉంటాయి. ఏది ఏ ఇంటిదో తేల్చడానికి ఆ కాలంలో మైక్రోస్కోపే దిక్కు. పూసల్లా గుండ్రంగా ఉందా, దారంలా సాగిందా, దారానికి కొమ్మలున్నాయా, చుట్టూ ఒర ఉందా, ఆ ఒర రంగేంటి, ఇలా రూపలక్షణాలు చూసి, కొలిచి, బొమ్మ గీసి, అప్పుడు పేరు రాసేవారు. నేను తుడవడానికి వెళ్తే, "రా పున్నమ్మా, ఇది చూడు" అని కన్ను పెట్టించి చూపించేవారు. ట్యూబులు కడిగే మనిషికి చూపించాల్సిన అవసరం ఆవిడకు లేదు. అయినా చూపించారు.

ఇంతకీ అసలు సంగతికి వస్తాను. 2003లో మేడం గారు రెండు చోట్ల నుంచి నాచు తెచ్చారు. ఒకటి జి. కొండూరు చేలగట్టు మీద నీడపట్టున తడిమట్టిలోది. దాని ఒర తెల్లగా, గాజులా ఉంది. రెండోది మన నూజివీడు శివారు తోటలో సిమెంటు తొట్టి అంచుకు పట్టింది. దాని ఒర చక్కటి తేనెరంగు. మిగతా పోలికలన్నీ ఒకటే. చోటు మారడం వల్ల రంగు మారిందా, లేక పుట్టుకతోనే వేరా అన్నది తేలాలి. ఆవిడ చాలా న్యాయంగా ఆలోచించారు. రెండింటినీ ఒకే ఆహారంలో, ఒకే ట్యూబులైటు వెలుగులో ఏడాదిపాటు పెంచాలి. అప్పటికీ రంగులో తేడా ఉంటే అవి రెండూ వేర్వేరు రకాలు. జి. కొండూరుది గాజు ట్యూబుల్లో వేసి గోడకు బిగించిన పెద్ద స్టాండులో పెట్టారు. నూజివీడుది చేత్తో ఎత్తగలిగే చిన్న స్టాండులో పెట్టారు.

ఆ ఎండాకాలం కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. పొద్దున్నే పోయేది, పదింటికి గానీ వచ్చేది కాదు. నేను ఏడింటికల్లా వచ్చి గది తెరిచేదాన్ని. ట్యూబులైట్లు ఆరిపోయి, చీకట్లో ఆ నాచు పాపం పస్తులున్నట్టు అనిపించేది. అందుకని చిన్న స్టాండు ఎత్తి తూర్పు కిటికీలో పెట్టేదాన్ని. పెద్దది గోడకు బిగించి ఉంది, కదలదు. మేడం గారు పదింటికి వచ్చేలోపు మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేసేదాన్ని. కిటికీలో ఎండ తగిలిన నాచు ముదిరిన తేనెలా నిగనిగలాడేది. నాకు ముచ్చటేసింది. కరెంటు కోతలు ఆగాక కూడా అలవాటు ఆగలేదు. ఇది తప్పని నాకు తట్టలేదు, చెప్పాలనీ తోచలేదు.

ఏడాది గడిచింది. గోడ స్టాండులోది తెల్లగానే ఉంది, చిన్న స్టాండులోది తేనెరంగులోనే ఉంది. మేడం గారు దాన్ని కొత్త రకంగా నిర్ణయించి, దానికి మన నూజివీడు పేరు కలిసేట్టు నామకరణం చేసి, 2004లో పెద్ద పత్రికలో ప్రకటించారు. ఆ సంబరం చెప్పలేను. పేపర్లో ఫొటో పడింది. మామిడి వర్తకుల సంఘం వారు సభపెట్టి, పట్టుశాలువా కప్పి, బుట్టెడు చిన్నరసాలు చేతికిచ్చి, "ఇన్నాళ్ళూ మా ఊరి పేరు కాయల పెట్టెల మీదే ఉండేది, మీరు శాస్త్రంలోకి ఎక్కించారు" అన్నారు. మేడం గారి భర్త ఇన్నయ్య మాస్టారు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. నేను వెనక నిలబడి చూశాను.

ఆరేళ్ళ తర్వాత, 2010 మొదట్లో, మన కేంద్రానికి జన్యుపరీక్ష చేయించుకునే అవకాశం వచ్చింది. రూపం ఒకవైపు, జన్యు సాక్ష్యం ఒకవైపు, రెండూ కలిపి చూస్తేనే వర్గీకరణకు బలమని మేడం గారు మొదటినుంచీ అంటూ ఉండేవారు. అందుకే వేరెవరివో కాదు, ముందు తన నాచే హైదరాబాదు పంపారు. కాగితాలు వచ్చాయి. వాటినిండా నాలుగే అక్షరాలు, ఏ, టి, జి, సి, చీమలబారుల్లా పేజీలు పేజీలు. నాకు ఇంగ్లీషులో ఇప్పటికీ ఆ నాలుగే వచ్చు. మేడం గారు రెండు నాచుల కాగితాలూ పక్కపక్కన పరుచుకుని, పెన్సిలుతో ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు. ఎక్కడా తేడా లేదు. రెండు నాచులూ ఒకటే.

మళ్ళీ పంపారు. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారీ అంతే. అప్పుడు కొత్తగా చేరిన శ్రీధర్ గారు, "ట్యూబులు తారుమారై ఉంటాయి మేడం" అన్నారు. "తారుమారైతే రంగు కూడా మారాలి కదా శ్రీధర్? రంగు నిక్షేపంలా ఉందే" అన్నారు ఆవిడ. మనిషి చిక్కిపోయారు. జూన్‌లో ప్రధాన శాస్త్రవేత్త పదవికి ఇంటర్వ్యూ ఉంది. ఆ ఇంటర్వ్యూకి ఆవిడ ఆయుధమే ఆ నూజివీడు నాచు. సరిగ్గా ఆ నెలల్లోనే, పందొమ్మిదేళ్ళుగా రోజుకూలీ మీద ఉన్న నన్ను పర్మనెంటు చేసే ఫైలు కూడా అధికారి నారాయణరావు గారి బల్ల మీద ఉంది.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు మా బావగారి తోటలోంచి సువర్ణరేఖ మామిడికాయలు తట్టలో తెచ్చి ఆఫీసులో అందరికీ పంచుతున్నాను. శ్రీధర్ గారు రెండు కాయలు రెండు చేతుల్లో పట్టుకుని, "ఏం పున్నమ్మ గారూ, మేడంకి ఎర్రటి బుగ్గలవీ, మాకు పచ్చివీనా? ఈ పక్షపాతం ఏంటండీ?" అని మేలమాడారు.

"పక్షపాతమేముంది సారూ, ఒకటే చెట్టు, ఒకటే కొమ్మ. ఎండ పక్కనున్న కాయ బుగ్గ ఎర్రబడింది, ఆకుల చాటునున్నది..."

అంతే. తట్ట కింద పెట్టేశాను. కిటికీ కళ్ళముందు కనబడింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయన మల్లయ్యకు చెప్పాను. ఆయన మామిడితోటల్లో కాపలా మనిషి, నిదానస్తుడు. అంతా విని, "ఎవరైనా చూశారా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఆర్డరు చేతికొచ్చేదాకా నోరు మెదపకు. పందొమ్మిదేళ్ళు ఆ గాజుపెంకులతో చేతులు కోసుకున్నావే" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేం లేదు. ఇటు చూస్తే నా పిల్లల తిండి, అటు చూస్తే ఆవిడ ముఖం. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు మేడం గారితో, "రేపు ఉదయం ఏడింటికి ఒకసారి రాగలరా అండీ?" అని మాత్రం అడిగాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఏడుకు ఐదు నిమిషాలుండగానే వచ్చారు.

నేను చిన్న స్టాండు ఎత్తి, రోజూ పెట్టినట్టే తూర్పు కిటికీలో పెట్టాను. ఎండ పడింది. మేడం గారు ఆ ట్యూబులకేసీ, గోడ స్టాండుకేసీ, మళ్ళీ కిటికీకేసీ చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి పున్నమ్మా?"

"ఆ కరెంటు కోతల వేసవి నుంచండీ. చీకట్లో ఆకలేస్తుందేమోనని..."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఏడేళ్ళు రోజూ పెట్టావా? ఆదివారాలు కూడా?" అన్నారు. "ఆదివారం కుదరదు కదండీ, తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది" అన్నాను. ఆవిడకు నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చిందేమో నాకు తెలియదు, ముఖం కిటికీవైపు తిప్పుకున్నారు. తర్వాత లేచి, గోడ స్టాండులోంచి జి. కొండూరు ట్యూబులు మూడు తీసి కిటికీలో పెట్టించారు. కిటికీలోవి మూడు తీసి గోడ స్టాండులో పెట్టించారు. "నువ్వు చెప్పావని నమ్మితే చాలదు, నాచు కూడా చెప్పాలి" అన్నారు.

నలభై రోజులు. ప్రతి ఉదయం ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. జి. కొండూరు నాచు ఒర మెల్లగా తేనెరంగుకు తిరిగింది. గోడ స్టాండుకు మారిన నూజివీడు నాచు కొత్తగా వేసిన దారాలన్నీ తెల్ల ఒరతోనే వేసింది. ఎండ తగిలితే తనను తాను కాపాడుకోవడానికి ఆ నాచు రంగు గొడుగు పట్టుకుంటుందని మేడం గారు నాకు వివరించారు. కాగితం చెప్పిందీ, కన్ను చూసిందీ కలిశాయి. నాచు ఒకటే అని తేలిపోయింది. నూజివీడు పేరు నిలవదనీ తేలిపోయింది.

మేడం గారు నారాయణరావు గారి గదికి వెళ్ళినప్పుడు నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దగ్గరున్నాను. విన్నాను, తప్పే గానీ విన్నాను.

"ఇందులో మీ తప్పేముందండీ కృపావతి గారూ?" అన్నారాయన. "అటెండరు మీకు చెప్పకుండా ట్యూబులు ఎండలో పెట్టింది. ఉన్నదున్నట్టు అదే రాయండి, ఆమెను తొలగించామనీ రాద్దాం. మీ ఇంటర్వ్యూ ఆగదు, కేంద్రం పరువూ నిలుస్తుంది."

"ట్యూబులు ఎండలో పెట్టింది పున్నమ్మేనండి. పేరు పెట్టింది నేను. ఉదయం ఏడింటికి నా ట్యూబులు ఎక్కడుంటాయో ఏడేళ్ళలో ఒక్కసారి వచ్చి చూడనిది కూడా నేనే."

"మరి ఏం రాస్తారు?"

"ఒక స్టాండుకు ఎండ తగిలిందనీ, అది నేను గమనించలేదనీ రాస్తాను. సంతకం నాదొక్కటే ఉంటుంది. పున్నమ్మ ఫైలు మీద కూడా మీ సంతకం కావాలి సార్. ఆమె నోరు విప్పకపోతే నేను చచ్చేదాకా ఆ తప్పు మోసేదాన్ని."

నారాయణరావు గారు చెడ్డవారు కారు, కాలం చేశారు, ఆయన ఆత్మకు శాంతి కలగాలి. ఆయన ఆఫీసు పరువు కాపాడాలనుకున్నారు. మేడం గారు బయటికి వచ్చి, నన్ను చూసి, "ఆ టీ చల్లారిపోయి ఉంటుంది, ఇంకోటి పెట్టు పున్నమ్మా. చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి" అన్నారు.

సవరణ వ్యాసం అచ్చయింది. ఆ ఏడు ఇంటర్వ్యూలో ఆవిడకు పదవి రాలేదు. వచ్చింది ఐదేళ్ళు ఆలస్యంగా, 2015లో. నా ఆర్డరు మాత్రం ఆ ఆగస్టులోనే వచ్చింది. ఆవిడ అంతటితో ఆగలేదు. శాలువా మడతపెట్టి సంచీలో వేసుకుని, ఆటో ఎక్కి, వర్తకుల సంఘానికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. జరిగింది చెప్పి శాలువా బల్ల మీద పెట్టారు. సంఘం పెద్దాయన దాన్ని చూసి, "మేడం గారూ, ముప్పైఏళ్ళుగా ఈ మండీలో ఉన్నా, ఎండపక్క కాయ చూసి తోటంతా కొని నెత్తిన గుడ్డేసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. నేనెవరికీ చెప్పుకోలేదు. మీరు ఆటో కట్టించుకుని వచ్చి మరీ చెప్పారు. శాలువా తీసుకెళ్ళండి, ఈసారి ఇందుకు ఇస్తున్నాం" అన్నారు.

ఆ తర్వాతి కాలం మీ అందరికీ తెలిసినదే. 2014లో చాట్రాయి దగ్గర బోరు పక్కన తడిబండ మీద దొరికిన నాచు, మైక్రోస్కోపులో చూస్తే పాత రకంలాగే ఉంది, జన్యు కాగితం మాత్రం కాదు వేరు అంది. మరొకరైతే ఆ కాగితం పట్టుకుని పరుగెత్తేవారు. మేడం గారు మూడేళ్ళు ఆగారు. ఎండలో పెంచారు, నీడలో పెంచారు, ఆహారం దండిగా ఇచ్చి చూశారు, అరకొరగా ఇచ్చి చూశారు. చివరికి ఆహారం తగ్గినప్పుడు దాని దారం కొస సన్నబడుతుందని, పాతదానిది సన్నబడదని కంటితో పట్టుకున్నారు. రూపమూ జన్యువూ ఒకే మాట చెప్పాకే పేరు పెట్టారు. పాపం నూజివీడు పేరు పెట్టడానికి వీలులేకపోయింది. ఆ ఇంటిపేరు కింద ఒకసారి అచ్చయిన పేరు, కొట్టేసినా సరే, మరొకదానికి పెట్టకూడదని నియమమట. చాట్రాయి పేరే పెట్టారు. ఇప్పటికీ బస్సులో చాట్రాయి వాళ్ళు, "మీ నూజివీడు పేరు కొట్టేశారటగా, మాది మాత్రం ఉంది" అని నన్ను ఏడిపిస్తారు. ఆ వ్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరు ఉంది. సవరణ వ్యాసంలో మాత్రం ఎక్కడా లేదు.

ఇదంతా రాస్తున్నానని తెలిసి మేడం గారు మొన్న ఫోన్ చేశారు. "వద్దు పున్నమ్మా, నలుగురూ నిన్నంటారు" అన్నారు. ఆఫీసులో ఉన్నంతకాలం ఆవిడ చెప్పినట్టే చేశాను. నేను రిటైరై ఆరేళ్ళయింది, ఈ నెలాఖరుకు ఆవిడా రిటైరవుతున్నారు. ఇక మీదట ఇద్దరం సమానమేనని చెప్పి ఫోన్ పెట్టేశాను.

తల్లీ కృపావతమ్మా, మీరు ఆయురారోగ్యాలతో, ఇన్నయ్య మాస్టారితో, మీ అమ్మాయి లేయాతో, మనవలతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. మీ కళ్ళు మైక్రోస్కోపు అవసరం లేకుండానే ఇంకా చాలా చూడాలి. మోకాళ్ళ నొప్పులు మీ జోలికి రాకూడదు. ఏటా జూలై పదికి మా ఇంటికి రండి, అల్లం టీ ఈసారి నేను పోస్తాను. నా ప్రభువునూ మీ ప్రభువునూ ఇదే వేడుకుంటున్నాను.

ఇక కొత్త పిల్లలకు ఒక మాట. మన గదిలో 'ఎండ పుస్తకం' అని ఒకటుంది కదా, ఏ స్టాండు ఎన్నింటికి ఏ చోట ఉందో, దానికెంత వెలుగు తగులుతోందో రోజూ ఉదయం ఏడింటికి రాసి సంతకం పెట్టేది. ఎందుకొచ్చిన చాకిరీ అని మీరు విసుక్కుంటున్నారని విన్నాను. అది 2010 జూన్‌లో మేడం గారు మొదలుపెట్టారు, మొదటి సంతకం నాచేత పెట్టించారు. రేపు మీ తర్వాత వచ్చేవాళ్ళు ఇదెందుకని అడిగితే, రూలని చెప్పి ఊరుకోకండి. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పండి. కిటికీలో స్టాండు పెట్టిన పున్నమ్మ పేరు చెప్పండి. మేడం గారు సవరణ వ్యాసంలో రాయకుండా దాచిన పేరది, మీరు దాచవద్దు. దాస్తే, ఆవిడ ఎవరి కోసం పదవికి ఐదేళ్ళు ఆగారో వినేవాళ్ళకు తెలియకుండా పోతుంది.